లక్షలో మొదటి గేమింగ్ పీసీ: గోదావరిఖని ఇంటి కేసు

ఇది 2025 జూన్‌లో చేసిన పని. కట్టించుకున్న అబ్బాయిది గోదావరిఖని, బీటెక్ మూడో సంవత్సరం. వాళ్ల నాన్న సింగరేణిలో ఫిట్టర్. అప్పటిదాకా ఇంట్లో ఉన్నది ఒక పాత లాప్‌టాప్. దాంట్లో వాలొరాంట్ అనే షూటింగ్ గేమ్ తెరిస్తే ఫ్యాన్ మోత తప్ప ఆట ముందుకు సాగేది కాదు. నాన్న పెట్టిన షరతు ఒక్కటే: మానిటర్, యూపీఎస్ (కరెంటు పోతే పీసీని కాసేపు నడిపే బ్యాటరీ డబ్బా), కీబోర్డు, జీఎస్టీ అన్నీ కలుపుకొని లక్ష దాటకూడదు.

సికింద్రాబాద్‌లో పీసీలు అసెంబుల్ చేసి ఇవ్వడం నా పని. సరుకంతా పార్క్‌లేన్‌లో, సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చుట్టుపక్కలే దొరుకుతుంది. మొదటిసారి పీసీ కట్టించుకునేవాళ్లు దాదాపు అందరూ గ్రాఫిక్స్ కార్డు (ఆటలో బొమ్మలు గీసే భాగం) పేరుతోనే మాట మొదలుపెడతారు. నేను ఆ పీసీ ఎక్కడ ఉండబోతుందో ఆ గదితో మొదలుపెడతాను. ఏ ప్లగ్గుకు పెడతారు, ఎండాకాలం గది ఎంత వేడెక్కుతుంది, దుమ్ము ఎటు నుంచి వస్తుంది, ఏ స్క్రీన్ మీద చూస్తారు అనేవి ముందు తేలాలి. కార్డు సంగతి ఆఖరున. ఈ వరసలో వెళ్తే అదే లక్ష ఎంత వేరుగా ఖర్చవుతుందో చూపడానికి ఈ కేసు బాగా పనికొస్తుంది. అందుకే పూర్తిగా రాస్తున్నాను.

వాళ్లు తెచ్చిన కొటేషన్

తండ్రీకొడుకులిద్దరూ చేతిలో ఒక కొటేషన్‌తోనే వచ్చారు. అది ఎక్కడో వేరే షాపులో రాయించుకున్నది. పన్నెండో తరం కోర్ ఐ7 12700ఎఫ్ ప్రాసెసర్, భాగాలన్నీ బిగించే హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, ఆర్టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఒక హార్డ్‌డిస్క్, రంగురంగుల లైట్ల క్యాబినెట్, 75 హెర్ట్జ్ (సెకనుకు 75 సార్లు బొమ్మ మార్చే) మానిటర్. మొత్తం 96 వేల చిల్లర. పీసీ భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ దగ్గర కంపెనీ పేరు లేదు, "450 వాట్స్, క్యాబినెట్‌తో ఫ్రీ" అని మాత్రం ఉంది. యూపీఎస్ ఊసే లేదు.

పైపైన చూస్తే ఐ7 ఉంది, ఆర్టీఎక్స్ ఉంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ ఐ7 ఫుల్ టర్బోలో (గరిష్ఠ వేగంలో) 180 వాట్ల దాకా లాగుతుంది. చవక హెచ్610 బోర్డుల్లో ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం అంత బరువును ఎక్కువసేపు మోయలేదు. వేడెక్కగానే ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. అంటే ఐ7కు డబ్బు కట్టి, అందులో కొంత భాగాన్నే వాడుకుంటారు. ర్యామ్ ఒక్క స్టిక్ పెడితే ప్రాసెసర్‌కు మెమరీకి మధ్య ఉన్న రెండు దారుల్లో ఒకటి మూసేసినట్టే. గేముల్లో ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది. ఇక 75 హెర్ట్జ్ మానిటర్ ఎదురుగా పెట్టాక, లోపల కార్డు సెకనుకు 250 ఫ్రేములు (బొమ్మలు) గీసినా కంటికి చేరేవి 75 మాత్రమే.

కుర్రాడు "అన్నా, మా దోస్తుగాడు గిదే కాన్ఫిగరేషన్ పెట్టిండు, మంచిగనే నడుస్తుంది కద?" అన్నాడు. నడుస్తుంది. దాని గురించి నాకు అనుమానం లేదు. ఆ దోస్తు ఇంట్లో ప్లగ్గు ఎలా ఉందో, గదిలో ఏసీ ఉందో లేదో మాత్రం నాకు తెలియదు.

గది నుంచి మొదలు

గది వీడియో పంపమన్నాను. మేడ మీద పడమటి గది, పైన రేకులు కాదు, స్లాబే. కిటికీ రోడ్డు వైపు. ఏసీ లేదు, ఎండాకాలం కిటికీలో కూలర్ పెడతారు. రామగుండం ప్రాంతంలో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. స్లాబు కింద పడమటి గదిలో సాయంత్రం ఏడింటికి కూడా ఆ వేడి దిగదు. దగ్గర్లో ఓపెన్‌కాస్ట్ గనులు, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు. కిటికీ చువ్వల మీద వేలితో గీస్తే నల్లటి గీత పడటం వీడియోలోనే కనిపించింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ప్లగ్గు. "లాప్‌టాప్ చార్జింగ్‌లో పెట్టినప్పుడు చేయి ఆనిస్తే జివ్వుమంటుందా?" అని అడిగితే, "అవునన్నా, ఫ్రిజ్ కూడ అట్లనే అంటది" అన్నాడు. ఈ జివ్వుమనడాన్ని మన ఇళ్లల్లో ఎవరూ పట్టించుకోరు. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లో కరెంటు లోపలికి వచ్చే చోట, గజిబిజి సిగ్నళ్లను వడకట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండూ క్యాబినెట్ బాడీకి కలుస్తాయి. బాడీకి ఎర్తింగ్ ఉంటే అందులోంచి కారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తింగ్ లేకపోతే బాడీ మీద మన 230 వోల్టుల్లో దాదాపు సగం నిలబడుతుంది. ఇలా కారే కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా ప్రాణాపాయం ఉండదు, చేతికి జివ్వుమంటుంది. కానీ అదే బాడీకి యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ కేబుళ్లు తగిలి ఉంటాయి. ఆన్‌లో ఉండగా టీవీ కేబుల్ పీకి పెట్టినప్పుడు పోర్టులు కాలిపోయిన కేసులు నా బల్ల మీదకు వస్తూనే ఉంటాయి. పైగా పిడుగులు, వోల్టేజీ ఎగిరిపడటం లాంటి వాటి నుంచి కాపాడతామని అమ్మే స్పైక్ గార్డులు ఎర్తింగ్ లేకపోతే పూర్తిగా పని చేయలేవు.

అందుకని వస్తువు కొనకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ సాకెట్ చూపించమన్నాను. మల్టీమీటర్‌తో ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య ఎంత ఉందో, ఫేజుకు ఎర్త్‌కు మధ్య కూడా ఇంచుమించు అంతే ఉండాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. వాళ్ల సాకెట్‌లో పైన ఉండే లావు రంధ్రం వెనక వైరే లేదు. బయట ఎర్త్ గుంత ఉంది, వైరు మెయిన్ బోర్డు దాకా వచ్చింది, మేడ మీదకు మాత్రం లాగలేదు. ఒక పూట పనితో లాగించారు.

ఫిట్టర్ పని చేసే తండ్రికి ఇది వెంటనే ఎక్కింది. అప్పటిదాకా "గేములకు లక్ష రూపాయలు పెట్టుడేంది సార్" అంటూ పక్కన కూర్చున్న మనిషి, ఆ తర్వాత ప్రతి వస్తువు గురించి అది ఎందుకో అడగడం మొదలుపెట్టారు. నాకు అలాంటి కస్టమర్ అంటే ఇష్టం. ఆయన ప్రశ్నల వల్లే ఈ ప్లాన్ ఇంత గట్టిగా కుదిరింది.

యూపీఎస్ మీద పేచీ

"ఇంట్లో ఇన్వర్టర్ ఉండనే ఉంది, మళ్ల యూపీఎస్ ఎందుకు?" ఇది తండ్రి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మంచి ఎస్ఎంపీఎస్ కరెంటు పోయాక కూడా లోపల నిల్వ ఉన్న శక్తితో 16, 17 మిల్లీసెకండ్లు నెట్టుకురావాలని ప్రమాణం ఉంది. ఇంటి ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి అంతకంటే ఎక్కువ సమయమే తీసుకోవచ్చు. ఫ్యాన్లకు, లైట్లకు ఆ విరామం కనిపించదు, పీసీ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్ ఉన్న ఇన్వర్టర్లు త్వరగానే మారతాయి. కాకపోతే గేము నడుస్తుండగా 280 వాట్లు లాగే పీసీని దాని మీద పెడితే రాత్రి ఫ్యాన్లకు బ్యాటరీ మిగలదు.

తీసుకోవాలనుకున్నప్పుడు సైజు ముఖ్యం. మార్కెట్లో అందరూ కొనే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు. కాగితం మీద 280కి సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఇప్పటి ఎస్ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సాఫీగా లాగే సర్క్యూట్) ఉంటుంది, చిన్న యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చే మెట్లమెట్ల తరంగం దానికి సరిగ్గా పడదు. గ్రాఫిక్స్ కార్డు క్షణకాలం ఎగదోసి లాగినప్పుడు యూపీఎస్ కీ అని అరిచి ఆగిపోతుంది. అందుకే 1100 వీఏ, 660 వాట్లది రాశాను.

కుర్రాడికి ఇది నచ్చలేదు. ఆ ఐదున్నర వేలు కార్డులో కలపమని పట్టుబట్టాడు. "తమ్మీ, కార్డు రెండేళ్లకు మార్చుకోవచ్చు. విండోస్ అప్‌డేట్ మధ్యలో, బోర్డులోని బయాస్ ప్రోగ్రామ్ తిరగరాసేటప్పుడు కరెంటు పోతే ఏం చేస్తావ్?" అన్నాను. తండ్రి యూపీఎస్ పక్షాన నిలబడ్డారు. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

మానిటర్

ఇది తేలిగ్గానే తేలింది. 24 అంగుళాలు, 1080పీ (1920×1080 చుక్కలు), ఐపీఎస్ ప్యానెల్, 180 హెర్ట్జ్, పది వేలు. కుర్రాడు 1440పీ (2560×1440 చుక్కలు) అడిగాడు. ఆ స్క్రీన్‌లో చుక్కలు దాదాపు 1.8 రెట్లు, కార్డు మీద బరువూ ఆ మేరకు పెరుగుతుంది. ఈ బడ్జెట్ కార్డుతో రెండేళ్ల తర్వాత ప్రతి కొత్త గేములోనూ సెట్టింగులు తగ్గించుకుంటూ పోవాలి. వాలొరాంట్ ఆడేవాడికి 1080పీలో ఎక్కువ హెర్ట్జ్ చాలు.

వేడి, దుమ్ము

ఎన్నో వీడియోల్లో పీసీ ఉష్ణోగ్రతలు చెబుతారు. అవి చాలావరకు 21, 22 డిగ్రీల గదిలో కొలిచినవి. గది ఎంత పెరిగితే లోపలి భాగాలూ దాదాపు అంతే పెరుగుతాయి. అక్కడ 65 చూపించిన కార్డు, 44 డిగ్రీల గదిలో 87 దాకా చూపించొచ్చు. గోదావరిఖని పీసీకి ఈ లెక్క తప్పించుకోలేం.

ముందు గాజు పలక ఉన్న క్యాబినెట్లను మొదటే పక్కన పెట్టేశాను. ముందు వైపు మొత్తం జాలీ, దాని వెనక విప్పి కడుక్కోగల ఫిల్టరు, ముందు మూడు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికి లాగేవి ఎక్కువ ఉంటే క్యాబినెట్ లోపల గాలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. అప్పుడు గాలి సందుల్లోంచి బయటికి తోసుకుంటుంది తప్ప, ఫిల్టరు లేని చిల్లుల గుండా దుమ్మును లోపలికి పీల్చుకోదు. బొగ్గు దుమ్ము ఉన్న ఊళ్లో ఈ ఒక్క ఏర్పాటే క్లీనింగ్ ఖర్చు సగం తగ్గిస్తుందని నా నమ్మకం.

ఇంకో మాట గట్టిగా చెప్పాను: కిటికీ కూలర్ గాలి నేరుగా పీసీ మీద పడకూడదు. కూలర్ గాలి చల్లగా ఉంటుంది కాబట్టి పీసీకి మంచిదే అనుకుంటారు. ఆ గాలిలో తడి ఉంటుంది, సన్నటి తుంపరలూ వస్తాయి. తడి, బొగ్గు దుమ్ము కలిస్తే ఫిల్టరు మీద, హీట్‌సింక్ రెక్కల మధ్య మెత్తటి నల్లటి పూత కడుతుంది. అది ఊదితే పోదు, బ్రష్‌తో గీకాలి. పీసీని కూలర్‌కు ఎదురుగోడ వైపు కాకుండా పక్కగోడకు, నేల మీద కాకుండా జానెడు ఎత్తు బల్ల మీద పెట్టించాను.

లిక్విడ్ కూలర్ కావాలని మొదట్లో అడిగాడు. 65 వాట్ల ప్రాసెసర్‌కు అది అక్కర్లేదు. పంపు పాడైతే 225 కిలోమీటర్ల నుంచి నా దగ్గరికి మోసుకురావాలి. పదిహేడు వందల టవర్ ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఒక ఫ్యాన్ మాత్రమే, అది కరీంనగర్‌లోనూ దొరుకుతుంది.

ప్రాసెసర్, బోర్డు: ఎక్కువ ఆలోచించింది ఇక్కడే

ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లు గుచ్చే పాత సాకెట్ ఏఎం4: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు, డీడీఆర్4 ర్యామ్. అప్పటి రేట్లలో ఈ దారిలో పన్నెండు, పదమూడు వేలు మిగులుతాయి. ఆ డబ్బుతో 16 జీబీ గ్రాఫిక్స్ కార్డు వచ్చేస్తుంది. రెండోది కొత్త సాకెట్ ఏఎం5: రైజెన్ 5 7600, బీ650 బోర్డు, డీడీఆర్5. కార్డు దగ్గర సర్దుకోవాలి.

పెద్ద గేములు మాత్రమే, కథ కోసం, నింపాదిగా ఆడేవాళ్లయితే నేను మొదటి దారే రాసేవాడిని. అక్కడ బరువంతా కార్డు మీదే. ఈ అబ్బాయి ఎక్కువగా ఆడేది వాలొరాంట్, అక్కడ ఫ్రేములు నిర్ణయించేది ప్రాసెసర్. పైగా ఏఎం4 వచ్చింది 2016లో, దాని ప్రయాణం ముగింపుకొచ్చింది. ఏఎం5కు 2027 దాకా, ఆ తర్వాతా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. అదే బోర్డులో మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

అయినా నన్ను ఏఎం5 వైపు పూర్తిగా ఒప్పించింది వేరే కారణం. రైజెన్ 5 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు, 7600లో ఉంది. గేములకు పనికిరానంత చిన్నది, కానీ స్క్రీన్ వెలుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడైనా పాడై వారంటీకి పంపితే తిరిగొచ్చేదాకా వారాలు పట్టొచ్చు. ఆ వారాలు పీసీ మూలన పడి ఉండదు, కాలేజీ పని, కోడింగ్ సాగిపోతాయి. స్క్రీన్ రాకపోతే తప్పు కార్డుదా, మిగతా వాటిదా అన్నది ఫోన్లోనే తేల్చొచ్చు. 7500ఎఫ్ అని ఇంచుమించు ఇదే ప్రాసెసర్, సొంత గ్రాఫిక్స్ లేకుండా, అప్పట్లో రెండు మూడు వేలు తక్కువకు దొరికేది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు అది పెడతాను. దూరాన ఉన్నవాళ్లకు పెట్టను.

ర్యామ్ 16 జీబీవి రెండు స్టిక్‌లు, 6000 స్పీడు. ఇప్పుడు 8 జీబీవి రెండు పెట్టి తర్వాత ఇంకో రెండు కలుపుకుందామన్న ఆలోచన డీడీఆర్5లో కుదరదు. నాలుగు స్టిక్‌లు పెడితే మెమరీ వేగం బాగా తగ్గించుకోవాల్సి వస్తుంది. హార్డ్‌డిస్క్ తీసేసి, ఒకే 1 టీబీ జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ పెట్టాను. వైఫై ఉన్న బోర్డుకు పెట్టే అదనపు డబ్బు కూడా తీసేశాను. రౌటర్ కింద హాల్లో ఉంది, మెట్ల పక్క నుంచి లాన్ కేబుల్ లాగితే పింగ్ (గేమ్ సర్వర్ జవాబిచ్చే సమయం) నిలకడగా ఉంటుంది.

కార్డు

మిగిలింది ముప్పై వేలకు కాస్త తక్కువ. మేలో వచ్చిన ఆర్టీఎక్స్ 5060 ఆ రేటుకు దొరికింది. 8 జీబీ మెమరీ, 145 వాట్లు. అదే జూన్‌లో ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ వచ్చింది. అందులో 16 జీబీది ఎనిమిది వేలు ఎక్కువ.

నా అభిప్రాయం దాచుకోను: ఎక్కువకాలం ఉంచుకోవడానికి ఆ 16 జీబీ కార్డే మంచిది. కొత్త గేముల్లో కొన్ని 1080పీలోనే 8 జీబీ దాటేస్తున్నాయి. దాటినప్పుడు ఫ్రేములు నెమ్మదిగా తగ్గవు, ఆట ఒక్కసారిగా తడబడుతుంది. ఆ మాట కుర్రాడికి స్పష్టంగా చెప్పాను. టెక్స్చర్లు (బొమ్మల పైపూత వివరాలు) ఒక మెట్టు దించితే ఆ ఇబ్బంది తప్పుతుందని, అతను ఆడే గేముల వరకు 5060 చాలని కూడా చెప్పాను. ఎనిమిది వేల కోసం యూపీఎస్‌నో, ఎస్ఎంపీఎస్‌నో తగ్గించడానికి నేను ఒప్పుకోలేదు. తండ్రి లక్ష గీత దాటడానికి ఒప్పుకోలేదు. 5060 ఖాయమైంది.

సెకండ్ హ్యాండ్ కార్డుల మాటా వచ్చింది. ఇరవై వేలకు పెద్ద కార్డులు దొరుకుతాయి, నిజమే. వారంటీ లేకుండా, క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు నడిచిందో లేదో తెలియని కార్డును మొదటి పీసీలో పెట్టి గోదావరిఖని పంపడం నాకు ఇష్టం లేదు.

ఎస్ఎంపీఎస్ 650 వాట్లు, కంపెనీది, బ్రాంజ్ రేటింగ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే గుర్తింపు). ఈ పీసీకి 550 చాలు. రేపు 220, 250 వాట్ల కార్డుకు మారినా దీన్ని మార్చనక్కర్లేకుండా ఉండాలని 650 పెట్టాను. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే ఎస్ఎంపీఎస్‌ను, కంపెనీదాన్ని రెండు చేతుల్లో పెట్టి తండ్రికి ఇచ్చాను. బరువు తేడాకే ఆయనకు విషయం అర్థమైంది. షార్టయినా, వోల్టేజీ పెరిగినా ఆగిపోయే రక్షణలు ఆ ఫ్రీ డబ్బాల్లో చాలావాటిలో సరిగ్గా ఉండవు. అది కాలితే తనతో బోర్డునూ తీసుకుపోతుంది.

చివరికి బిల్లు ఇలా వచ్చింది:

గ్రాఫిక్స్ కార్డు 29,500
ప్రాసెసర్ 17,000
బోర్డు 10,300
మానిటర్ 10,000
ర్యామ్ 8,000
యూపీఎస్ 5,500
ఎస్ఎస్‌డీ 5,500
ఎస్ఎంపీఎస్ 5,000
క్యాబినెట్ 4,000
కీబోర్డు, మౌస్ 1,800
కూలర్ 1,700
లాన్ కేబుల్ 500
అసెంబ్లీ చార్జీ 1,000

మొత్తం 99,800. విండోస్ లైసెన్స్ ఇందులో లేదు. క్రాక్ వేసి ఇవ్వమంటే ఇవ్వను. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దింపిన విండోస్ 11ను యాక్టివేట్ చేయకుండా వేశాను. మూలన యాక్టివేట్ చేయమన్న రాత కనిపిస్తుంది, సెట్టింగుల్లోంచి వాల్‌పేపర్ మార్చుకోలేరు, గేములకు అడ్డం లేదు. డబ్బు చేతికొచ్చాక లైసెన్స్ కొనుక్కోవచ్చు. బిల్లులో ప్రతి వస్తువు సీరియల్ నంబరు రాయించాను. వారంటీకి వెళ్లినప్పుడు మాట్లాడేది ఆ నంబరే.

కట్టడం, వేడెక్కించి చూడటం

కట్టడం గురించి ఎక్కువ చెప్పను, కుర్రాడే పక్కన కూర్చుని సగం బిగించాడు. జాగ్రత్త పడాల్సింది సాకెట్ దగ్గరే. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డుకు ఉంటాయి. 1718 సన్నటి పిన్నులు, ఒక్కటి వంగినా బోర్డు వారంటీ పోయినట్టే. ర్యామ్ రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మొదటిసారి ఆన్ చేశాక కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది, మెమరీని బోర్డు పరిచయం చేసుకుంటోంది. అప్పుడు కంగారుపడి స్విచ్ కట్టేయకూడదు.

తర్వాత బయాస్ అప్‌డేట్. ర్యామ్‌ను 6000కు తీసుకెళ్లే ఎక్స్‌పో సెట్టింగును దాని తర్వాతే ఆన్ చేస్తాను. 2023లో కొన్ని ఏఎం5 బోర్డులు ఎక్స్‌పోలో ప్రాసెసర్‌కు ఎక్కువ వోల్టేజీ ఇచ్చి కాల్చాయి. ఆ తర్వాతి బయాస్‌లలో ప్రాసెసర్‌లోని ఎస్ఓసీ అనే భాగానికి ఇచ్చే వోల్టేజీకి 1.3 వోల్టుల హద్దు పెట్టారు. గోడౌన్‌లో ఎన్నాళ్లుందో తెలియని బోర్డులో ఏ బయాస్ ఉందో చూసుకోవడం నా అలవాటు. సెక్యూర్ బూట్, టీపీఎం అనే భద్రతా సెట్టింగులు కూడా అప్పుడే ఆన్ చేశాను. విండోస్ 11లో ఆ రెండూ లేకపోతే వాలొరాంట్ తెరుచుకోదు.

షాపులో ఏసీ కట్టేసి, గది 33 డిగ్రీలకు వచ్చాక ప్రాసెసర్, కార్డు రెండింటికీ ఒకేసారి పూర్తి బరువు పెట్టాను. ప్రాసెసర్ 81, కార్డు 70. మే నెల గదికి 11 కలిపితే 92, 81. కార్డుకు ఫర్వాలేదు, ప్రాసెసర్ మాత్రం తన 95 హద్దుకు దగ్గరగా వస్తోంది. ఈ ప్రాసెసర్ 65 వాట్లదని రాసినా 88 వాట్ల దాకా తీసుకోవడానికి అనుమతి ఉంటుంది. బయాస్‌లో ఆ పరిమితిని 65కు దించాను. అదే పరీక్షలో 81 కాస్తా 71 అయింది, గేముల్లో ఫ్రేములు దాదాపు తగ్గలేదు. ఎండలున్న ఊళ్లకు పంపే పీసీల్లో ఈ ఒక్క మార్పు తప్పకుండా చేస్తాను.

వాలొరాంట్‌లో 300 దాటి ఫ్రేములు వచ్చాయి. సైబర్‌పంక్ 2077 అనే పెద్ద గేమ్ రే ట్రేసింగ్ (వెలుతురును నిజంలా లెక్కగట్టే పద్ధతి) లేకుండా అల్ట్రాలో 80 పైన నిలబడింది. 180 హెర్ట్జ్ స్క్రీన్‌కు 300 అక్కర్లేదు కాబట్టి ఫ్రేములకు 175 దగ్గర హద్దు పెట్టి చూపించాను. వాట్ మీటరు అక్కడికక్కడే కిందికి దిగింది, ఫ్యాన్ల చప్పుడూ తగ్గింది. ఎండాకాలం ఆ హద్దు పెట్టుకొమ్మన్నాను. చివరగా సైబర్‌పంక్ నడుస్తుండగా గోడ ప్లగ్గు పీకేశాను. యూపీఎస్ మీద ఆట ఆగకుండా సాగింది, పది నిమిషాలు దాటి నిలబడింది.

ఇంటికి వెళ్లాక

ప్రయాణంలో గ్రాఫిక్స్ కార్డును బోర్డులో ఉంచి పంపను. మన రోడ్ల కుదుపులకు దాని బరువుతో స్లాటు విరిగే అవకాశం ఉంది. విప్పి దాని డబ్బాలో పెట్టి ఇచ్చాను, ఇంటికెళ్లాక వీడియో కాల్‌లో అతనే బిగించుకున్నాడు.

కాల్ పెట్టేసిన కాసేపటికే మళ్లీ ఫోన్. "అన్నా, సైబర్‌పంక్ పది ఫ్రేములు కూడ వస్తలేదు. కార్డు ఖరాబైందా?" గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. పీసీ వెనక ఫొటో పంపమన్నాను. మానిటర్ కేబుల్ పైన బోర్డు పోర్టులో ఉంది. ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్స్ ఉంది కాబట్టి స్క్రీన్ వచ్చింది, గేమ్ బరువు మాత్రం ఆ చిన్నదాని మీద పడింది. కేబుల్‌ను కింద అడ్డంగా ఉన్న కార్డు డిస్‌ప్లేపోర్ట్‌కు మార్పించాను. ఆ తర్వాత డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లమంటే అక్కడ 60 హెర్ట్జ్ ఉంది. విండోస్ తనంతట తాను 180 పెట్టకపోవడం చాలాసార్లు జరుగుతుంది. కొత్త మానిటర్ కొని నెలల తరబడి 60లోనే ఆడుతున్నవాళ్లను నేను చూశాను. 180కి మార్చగానే మౌస్ కదలికలోనే తేడా తెలిసిందన్నాడు.

డిసెంబరులో ఫిల్టరు ఫొటో పంపాడు. ముందు జాలీ ఫిల్టరు నల్లగా పట్టేసి ఉంది, సైడు ప్యానెల్ తీసి చూపిస్తే లోపల హీట్‌సింక్ శుభ్రంగానే ఉంది. ఫిల్టరు కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాక పెట్టమన్నాను. ఆ ఇంట్లో నెలకోసారి ఆ పని పడుతుంది.

ఇప్పుడు అదే లక్షతో వస్తే

2025 చివరి నెలల్లో ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు తమ ఉత్పత్తిని అటు మళ్లించాయి. డిసెంబరులో మెమరీ కంపెనీ మైక్రాన్, ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే తన క్రూషియల్ బ్రాండు వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. జూన్‌లో ఎనిమిది వేలకు పెట్టిన ర్యామ్ ధర రెట్టింపు దాటిపోయింది. ఎస్ఎస్‌డీలూ అదే దారి పట్టాయి. ఈ అబ్బాయి రెండో ఎస్ఎస్‌డీ కావాలని అడిగితే, ఆడని గేములు తీసేసి ఇప్పటికి సర్దుకోమన్నాను.

ఆ ప్లాన్‌ను ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తే లక్ష దాటుతుంది. ఎర్తింగ్, యూపీఎస్, ఎస్ఎంపీఎస్, జాలీ క్యాబినెట్ జోలికి వెళ్లను. ఇంట్లో పాత పీసీ నుంచి డీడీఆర్4 స్టిక్‌లు మిగిలి ఉన్నవాళ్లయితే వాటిని తెమ్మని, ఏఎం4లో రైజెన్ 5 5600 పెట్టి, మిగిలింది కార్డుకు ఇస్తాను. ఏమీ లేనివాళ్లకు అదే 7600, అదే బోర్డు ఉంచి, ర్యామ్ మాత్రం 8 జీబీవి రెండు పెడతాను. ఒక్క 16 జీబీ స్టిక్ పెట్టి తర్వాత ఇంకోటి కలుపుకుందామంటే అప్పటిదాకా ఒకే దారి మీద నడవాలి, తర్వాత దొరికే స్టిక్ దానికి జత కుదురుతుందన్న భరోసా లేదు. 16 జీబీతో ఈ రోజు గేములన్నీ ఆడొచ్చు, వెనక బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిచి పెట్టకపోతే చాలు. రేట్లు దిగాక ఆ రెండు స్టిక్‌లూ అమ్మేసి 16 జీబీవి రెండు వేసుకోవాలి. ఖాళీ స్లాట్లలో ఇంకో రెండు గుచ్చకూడదు.